దేశమెరిగిన వర్తకం

పాఠ్యభాగ ఉద్దేశం

స్వదేశంలో ఘనవిజయం సాధించిన పెద్ద వర్తక సంస్థలు పరదేశంలో అడుగుపెట్టినప్పుడు ఎందుకు తడబడతాయో తెలుసుకోవడం, అందుకు గల ఆర్థిక, సాంస్కృతిక, న్యాయపరమైన కారణాలను గుంటూరు, ప్రకాశం ప్రాంతాల అనుభవంతో జోడించి పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

1991లో భారతదేశం నూతన ఆర్థిక విధానాన్ని చేపట్టింది. ఆ తరువాత విదేశీ పెట్టుబడులు ఒక్కొక్క రంగంలోకి ప్రవేశించాయి. వాటిలో అందరి కంటె ఎక్కువ చర్చకు గురైనది చిల్లర వర్తకం. పప్పు, ఉప్పు, చింతపండు అమ్మే వీధి అంగడికి సంబంధించిన విషయం కనుక అది ప్రతి ఇంటినీ తాకింది. పెద్ద సంస్థలు వస్తే చిన్న అంగళ్లు నిలుస్తాయా అని కొందరు భయపడ్డారు. రైతుకు మంచి ధర వస్తుందని మరికొందరు ఆశపడ్డారు. వచ్చిన సంస్థలే నిలవకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం అప్పట్లో అంతగా వినిపించలేదు. ఆ ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నమే ఈ వ్యాసం.

పాఠ్యభాగం

సముద్రాలు దాటి సరకు ప్రయాణించడం మానవ చరిత్రలో కొత్త విషయం కాదు. అయితే సరకు దాటినంత సులభంగా అంగడి సముద్రం దాటదు. అమ్మేవారికీ కొనేవారికీ నడుమ ఏళ్ల తరబడి పెరిగిన నమ్మకం, ఊరి తిండి అలవాట్లు, పండుగల క్రమం, రొక్కం చేతికందే కాలం, ప్రభుత్వం విధించిన కట్టుబాట్లు, ఇవన్నీ కలిస్తేనే అంగడి అవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఓడకెక్కించి పంపడానికి వీలైనది కాదు. అపారమైన ధనబలం, అనుభవం ఉన్న సంస్థలు కూడా పరదేశంలో కొద్ది సంవత్సరాలకే దుకాణాలు కట్టివేయవలసిరావడానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ సత్యాన్ని గ్రహించడానికి దూరం పోనక్కరలేదు. పూర్వం ప్రకాశం జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రసిద్ధమైన రేవుపట్టణం. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఇక్కడ వేయించిన శాసనాన్ని చరిత్రకారులు అభయశాసనం అంటారు. అంతకు పూర్వం తుపానులో చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని సరకును రాజులు బలవంతంగా తీసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల నుంచి నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు హామీ ఇచ్చాడు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కాలంలో అదే రేవులో మరొక శాసనం వెలువడి, దేశాంతర వర్తకులకు రాయితీలు ప్రకటించింది. పరదేశపు వర్తకుడికి అన్నిటికంటె ముందు కావలసినది నిలకడ గల నియమం అని ఆనాటి రాజులు గుర్తించారు.

నియమం ఒక్కటే చాలదు. కొనేవారి మనసు కూడా తెలియాలి. శ్రీనాథుడు హరవిలాస కావ్యాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి ఇందుకు చక్కని ఉదాహరణ. సింహళం, హురుమంజి మొదలైన దూరదేశాల నుంచి సుగంధద్రవ్యాలను, విలువైన వస్తువులను తెప్పించి రెడ్డిరాజుల ఆస్థానానికి అందించిన వర్తకుడాయన. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు పేరుపొందిన ప్రభువు. కర్పూరం, కస్తూరి వంటివి ఏ ఋతువులో, ఏ వేడుకకు, ఎంత కావాలో తిప్పయ్యసెట్టికి తెలుసు. సరకు పరదేశానిదే అయినా దానిని అమ్మే తెలివి మాత్రం కొండవీటి నేల మీద పుట్టినది.

ఈ తెలివి లేనప్పుడు ఏమవుతుందో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి తొలినాళ్లలోనే తెలిసివచ్చింది. 1611లో ఆ కంపెనీకి చెందిన 'గ్లోబ్' అనే ఓడ నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు చేరింది. డచ్చివారు అంతకు అయిదేళ్ల ముందే, 1606లో, నిజాంపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. ఇంగ్లండు నుంచి వచ్చిన దళసరి ఉన్నిబట్టలకు ఎండలు మండే ఈ తీరంలో గిరాకీ అంతగా లేకపోయింది. స్థానికంగా నేసిన నూలు బట్టలకు మాత్రం తూర్పు దీవులలో మంచి గిరాకీ ఉండేది. అందువల్ల ఆ వర్తకులు ఇక్కడి బట్టలు కొని, వాటికి మారుగా తూర్పు దీవులలో సుగంధద్రవ్యాలు సంపాదించే మార్గం పట్టారు. స్వదేశంలో చెల్లిన సరకు సర్వత్రా చెల్లదని గ్రహించి పద్ధతి మార్చుకున్న తరువాతనే వారి వర్తకం నిలదొక్కుకుంది.

నాలుగు శతాబ్దాల తరువాత కూడా ఈ సూత్రం మారలేదు. ఆధునిక కాలపు పెద్ద చిల్లర వర్తక సంస్థల బలం ప్రధానంగా మూడు విషయాలలో ఉంటుంది. మొదటిది భారీ కొనుగోలు. వేల దుకాణాల కోసం ఒకేసారి కొనే సంస్థకు ఉత్పత్తిదారులు అత్యల్ప ధరకు సరకు ఇస్తారు. రెండవది ఏకరీతి పద్ధతి. ప్రతి దుకాణంలో అమరిక, లెక్కలు, సిబ్బంది ప్రవర్తన ఒకే విధంగా ఉండటం వల్ల ఖర్చు తగ్గుతుంది. మూడవది గిడ్డంగులు, లారీలు, కంప్యూటర్లు కలిసిన సరఫరా వ్యవస్థ. ఈ మూడూ స్వదేశంలో దశాబ్దాల పాటు పెరిగినవి. పరదేశంలో పది, ఇరవై దుకాణాలతో మొదలుపెట్టిన సంస్థకు భారీ కొనుగోలు బలం ఉండదు. ఏకరీతి పద్ధతి అక్కడివారికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. సరఫరా వ్యవస్థను మొదటి నుంచి నిర్మించుకోవాలి. అంటే ఏ బలాన్ని నమ్ముకొని సంస్థ బయలుదేరిందో ఆ బలమే గమ్యం చేరేసరికి సన్నగిల్లుతుంది.

అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ సంస్థ 1997లో జర్మనీలో ప్రవేశించింది. అక్కడ అప్పటికే ఉన్న రెండు దుకాణ వ్యవస్థలను కొని తన పద్ధతిలో నడపాలనుకుంది. ద్వారం వద్ద నిలిచి నవ్వుతూ స్వాగతం పలికే ఉద్యోగులు, కొన్న వస్తువులను సంచిలో సర్ది ఇచ్చే సిబ్బంది అమెరికాలో ఆదరణ పొందారు. జర్మనీ ప్రజలలో చాలామందికి అది అనవసరమైన చొరవగా తోచింది. తక్కువ ధరకు అమ్మడంలో ఆల్డి, లిడిల్ వంటి స్థానిక సంస్థలు అప్పటికే ఆరితేరి ఉన్నాయి. పాలు, చక్కెర వంటి వస్తువులను కొన్న ధర కంటె తక్కువకు అమ్మరాదని 2000లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఉద్యోగుల వ్యక్తిగత సంబంధాలపై సంస్థ విధించిన నియమాలను 2005లో కార్మిక న్యాయస్థానం తోసిపుచ్చింది. చివరకు 2006లో వాల్‌మార్ట్ తన 85 దుకాణాలను జర్మనీకి చెందిన మెట్రో సంస్థకు అమ్మి వెళ్లిపోయింది. అదే సంవత్సరం దక్షిణ కొరియా నుంచి వాల్‌మార్ట్‌తో పాటు ఫ్రాన్సుకు చెందిన కార్ఫూర్ కూడా తప్పుకుంది. తాజా కూరగాయలను, చేపలను కళ్లారా చూసి ఎంచుకునే కొరియా గృహిణులకు గిడ్డంగిని తలపించే ఎత్తయిన అరల దుకాణాలు నచ్చలేదు. ఆ దేశంలోనే బ్రిటన్‌కు చెందిన టెస్కో సంస్థ 1999లో శాంసంగ్‌తో చేయి కలిపి, 'హోమ్‌ప్లస్' అనే పేరుతో, స్థానిక ఉద్యోగుల సలహా మేరకు దుకాణాలు నడిపి చాలాకాలం రాణించింది. 2015లో స్వదేశంలోని చిక్కుల వల్ల ఆ వ్యాపారాన్ని అమ్ముకుంది.

భాష, ఆహారం, వేషం ఒకటే అయినా గెలుపు ఖాయం కాదని కెనడా అనుభవం చెబుతుంది. అమెరికాకు చెందిన టార్గెట్ సంస్థ 2013లో పొరుగు దేశమైన కెనడాలో ప్రవేశించి అతివేగంగా 133 దుకాణాలు తెరిచింది. సరకు వివరాలు కంప్యూటర్లలో తప్పుగా నమోదు కావడంతో గిడ్డంగులు నిండిపోయాయి, దుకాణాల అరలు మాత్రం ఖాళీగా కనిపించాయి. ధరలు కూడా సరిహద్దు ఆవలి ధరల కంటె ఎక్కువగా ఉండటంతో జనం నిరాశపడ్డారు. 2015లో సంస్థ తన దుకాణాలన్నిటినీ మూసివేసింది. దాదాపు 17,600 మంది ఉద్యోగం కోల్పోయారు. పొరుగువారే కదా అన్న ధీమాతో తగిన సన్నాహం లేకుండా వేగం పెంచడమే ఇక్కడి దోషం.

భారతదేశానికి వచ్చేసరికి సమస్య మరింత జటిలమైంది. టోకు వర్తకంలో నూరు శాతం విదేశీ పెట్టుబడిని ప్రభుత్వం 1997లోనే అనుమతించింది. పలు బ్రాండ్ల వస్తువులను చిల్లరగా అమ్మే వర్తకంలో మాత్రం 2012 వరకు విదేశీ పెట్టుబడికి చోటు లేదు. ఆ సంవత్సరం సెప్టెంబరులో 51 శాతం వరకు అనుమతి లభించింది కాని, దానితో పాటు అనేక షరతులు వచ్చాయి. కనీసం 10 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టాలి. అందులో సగం గిడ్డంగులు, రవాణా వంటి వసతులకు వినియోగించాలి. కొనుగోళ్లలో 30 శాతం చిన్న పరిశ్రమల నుంచి జరగాలి. పది లక్షలకు మించిన జనాభా గల నగరాలలోనే దుకాణాలు తెరవాలి. దుకాణాలకు సమ్మతించడమో, నిరాకరించడమో ఆయా రాష్ట్రాల ఇష్టం. నాటి సమైక్య ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సమ్మతించిన రాష్ట్రాలలో ఒకటి. అయితే గుంటూరు, ఒంగోలు వంటి పట్టణాలు పది లక్షల నియమానికి లోబడినవి కావు. ఆ నియమాన్ని 2013లో సడలించినా, ఒక రాష్ట్రంలో అనుమతి ఉండి పక్క రాష్ట్రంలో లేకపోవడం, ప్రభుత్వం మారితే విధానం మారవచ్చునన్న సందేహం సంస్థలను వెనుకాడేలా చేశాయి. మోటుపల్లి శాసనం ఇచ్చిన నిలకడ ఇక్కడ కొరవడింది.

ఈ పరిస్థితిలో విదేశీ సంస్థలకు మిగిలిన మార్గం టోకు వర్తకం. జర్మనీకి చెందిన మెట్రో 2003లో బెంగళూరులో తొలి దుకాణం తెరిచింది. వాల్‌మార్ట్ 2007లో భారతీ సంస్థతో ఒప్పందం చేసుకొని, 2009లో అమృత్‌సర్‌లో 'బెస్ట్ ప్రైస్' పేరుతో టోకు దుకాణం ప్రారంభించింది. క్రమంగా గుంటూరు, విజయవాడ, రాజమహేంద్రవరం, హైదరాబాదు మొదలైన చోట్లకు ఆ దుకాణాలు విస్తరించాయి. వీటిలో సామాన్య గృహస్థు కొనడానికి వీలులేదు. కిరాణా వర్తకులు, హోటళ్లవారు, సంస్థలవారు సభ్యత్వ కార్డు పొంది, రొక్కం చెల్లించి, సరకు తామే తీసుకుపోవాలి. అంటే వాల్‌మార్ట్‌కు గుంటూరు ప్రాంతంలో దొరికిన ఖాతాదారు కొట్టు యజమానే. కనుక ఆ యజమాని వర్తకం ఎలా నడుస్తుందో తెలుసుకోవలసి ఉంది.

పల్నాడు, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు, అద్దంకి ప్రాంతాల నల్లరేగడి నేలలలో పత్తి, మిరప ప్రధానమైన పైరులు. పత్తితీత శీతకాలంలో సాగుతుంది. మిరపకాయల రాక మాఘఫాల్గుణాలలో పుంజుకొని వేసవి వరకు గుంటూరు మిర్చియార్డును నింపుతుంది. రైతు చేతికి రొక్కం వచ్చేది ఆ నాలుగైదు నెలలలోనే. విత్తనాలకు, ఎరువులకు, పురుగుమందులకు, కూలీలకు ఖర్చు మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. మిరప కోతకూలి ఒక్కటే సాగు ఖర్చులో పెద్ద భాగాన్ని మింగుతుంది. అందువల్ల రైతు ఇంటికి, కూలి ఇంటికి కావలసిన వెచ్చాలు కిరాణా కొట్టులో పద్దు మీద వస్తాయి. కాయలు అమ్ముడుపోయాక బాకీ తీరుతుంది. ధర పడిపోతే బాకీలో కొంత వచ్చే పంట వరకు ఆగుతుంది.

అలా అరువిచ్చే కొట్టు యజమాని దగ్గర మాత్రం రొక్కం ఎక్కడిది? గుంటూరు పట్నంబజారులోనో, నరసరావుపేటలోనో ఉన్న టోకు వర్తకుడు ఆయనకు వాయిదా మీద సరకిస్తాడు. బస్తాలను ఆటోలోనో, వ్యానులోనో కొట్టు ముందుకు చేరుస్తాడు. అమ్ముడుపోని సరకును ఒక్కొక్కసారి వెనక్కు తీసుకుంటాడు. ఈ విధంగా పొలం నుంచి పట్నం వరకు అప్పు ఒక గొలుసులా సాగుతుంది. అది ఒకరి పంట, మరొకరి మాట, ఇంకొకరి ఓర్పు మీద ఆధారపడి ఉంటుంది. కొత్తగా వచ్చిన టోకు దుకాణం తక్కువ ధర చూపింది. స్పష్టమైన బిల్లు ఇచ్చింది. నూటికి నూరు విధాల వస్తువులను ఒకే కప్పు కింద ఉంచింది. ఇవి మేలైన విషయాలే. పట్టణంలోని హోటళ్లవారు, రొక్కపు వ్యాపారం చేసేవారు వాటిని ఉపయోగించుకున్నారు. అయితే పల్లెలోని చిన్న అంగడికి ధరలో రెండు రూపాయలు తగ్గడం కంటె చెల్లింపులో నెలరోజుల గడువు దొరకడం విలువైనది. అమెరికా నుంచి వచ్చిన పద్ధతి ధరను చూసింది కాని, కాలాన్ని చూడలేదు.

రుచి విషయం కూడా ఇటువంటిదే. ఈ ప్రాంతపు ఇళ్లలో కారం పొట్లాలలో కొని వాడే వస్తువు కాదు. వేసవి ఎండలలో ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు కొంటారు. రంగుకు ఒక రకం, ఘాటుకు మరో రకం ఎంచుకొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, మరలో ఆడిస్తారు. ఆవకాయ కారం వేరు, కూర కారం వేరు. చింతపండు, కందిపప్పు, బియ్యం కూడా పంట వచ్చిన కాలంలో మొత్తంగా కొనే ఇళ్లు తక్కువేమీ కాదు. నెలనెలా బండి నింపుకొనే కుటుంబాన్ని ఊహించుకొని లెక్కలు వేసే సంస్థకు, ఏటికొకసారి ఇల్లు నింపుకొనే కుటుంబం కనిపించదు. జనాభాను చూసి సంత పెద్దదనుకుంటుంది. ఆ సంతలో తన వాటా ఎంతో తేల్చుకోలేకపోతుంది.

ఇక జరిగిన చరిత్రను పరిశీలిస్తే, 2013 అక్టోబరులో భారతీ, వాల్‌మార్ట్ సంస్థలు విడిపోయాయి. వాల్‌మార్ట్ ఒంటరిగా టోకు దుకాణాలను నడుపుతూ, 2014లో లక్నో, హైదరాబాదులలో సభ్యులకు ఇంటర్నెట్ ద్వారా సరకు తెప్పించుకునే వసతి కల్పించింది. 2018లో బెంగళూరులో పుట్టిన ఫ్లిప్‌కార్ట్ సంస్థలో దాదాపు 1,600 కోట్ల డాలర్లు వెచ్చించి అధిక వాటా కొన్నది. 2020లో బెస్ట్ ప్రైస్ దుకాణాలను కూడా ఫ్లిప్‌కార్ట్‌కే అప్పగించింది. స్వయంగా అంగడి కట్టడం కంటె, ఈ దేశపు అలవాట్ల మధ్య పెరిగిన సంస్థ చేతికి వ్యాపారాన్ని ఇవ్వడమే మేలని తలచిందన్నమాట. కార్ఫూర్ 2010లో ఢిల్లీలో ప్రవేశించి, అయిదు దుకాణాల దగ్గరే ఆగి, 2014లో వెళ్లిపోయింది. జర్మనీలో వాల్‌మార్ట్ దుకాణాలను కొన్న మెట్రో సంస్థ సైతం తన భారతీయ వ్యాపారాన్ని రిలయన్స్‌కు 2,850 కోట్ల రూపాయలకు అమ్మి, 2023లో నిష్క్రమించింది. స్వదేశంలో మరొకరి ఓటమిని కళ్లారా చూసిన సంస్థకు కూడా పరదేశంలో నిలవడం సాధ్యపడలేదు.

దీనిని బట్టి వీధి అంగడికి ఎదురులేదని భావించడం పొరపాటు. గుంటూరు, ఒంగోలు వంటి పట్టణాలలో స్వదేశీ సంస్థల పెద్ద దుకాణాలు విస్తరించి, నెలజీతం మీద జీవించే కుటుంబాలను ఆకర్షించాయి. ఆ మేరకు కిరాణా కొట్ల రాబడి తగ్గింది. అట్లాగే తడబాటు విదేశీయులకే పరిమితమనుకోవడమూ సరికాదు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష అనే సంస్థ దేశమంతటా దాదాపు 1,600 దుకాణాలు తెరిచి, చేతిలో రొక్కం లేక 2009లో కూలిపోయింది. నేల ఎరుగని వేగం ఎవరికైనా ప్రమాదకరమే. పరదేశీయుడికి ఆ నేలను ఎరగడం మరింత కష్టం. తేడా అంతే.

నేలను తెలుసుకోవడానికి పూనుకున్న సంస్థ ఉదాహరణ హైదరాబాదులో కనిపిస్తుంది. స్వీడన్‌కు చెందిన ఐకియా 2018 ఆగస్టులో అక్కడ తన తొలి భారతీయ దుకాణం తెరిచింది. అంతకు ముందు అయిదారేళ్ల కాలాన్ని అనుమతులకు, అధ్యయనానికి వెచ్చించింది. సంస్థ ప్రతినిధులు వివిధ నగరాలలో వందలాది ఇళ్లకు వెళ్లి, వంటగదులు, పడకగదులు, వస్తువులు దాచుకునే తీరు పరిశీలించారు. మసాలా డబ్బాలు, రెండు వందల రూపాయలలోపు దొరికే వందలాది వస్తువులు అరలలో చేరాయి. భోజనశాలలో స్వీడన్ వంటకాలతో పాటు బిరియానీ, సమోసా కూడా వడ్డించారు. సామానును కొన్నవారే బిగించుకోవడం ఆ సంస్థ పద్ధతి. ఇక్కడి ప్రజలకు ఆ అలవాటు లేదని గ్రహించి, బిగించి ఇచ్చే పనివారిని ఏర్పాటు చేసింది. అయినప్పటికీ తరువాత అనేక సంవత్సరాల పాటు దాని భారతీయ వ్యాపారం నష్టాలనే చవిచూసింది. తెలుసుకోవడానికి కూడా ధనం, కాలం, ఓర్పు కావాలి. ఆ మూడూ ముందుగా సిద్ధపరచుకోనివారికి తెలివి ఒక్కటే అక్కరకు రాదు.

పెద్ద సంస్థ రాకపోకలను కేవలం దాని లాభనష్టాల లెక్కగా చూడరాదు. సంస్థకు ఒక దేశంలో కలిగిన నష్టం మరో దేశపు లాభంలో మునిగిపోతుంది. ఊరికి ఆ వెసులుబాటు లేదు. కొత్త కొనుగోలుదారు వస్తున్నాడని పైరు మార్చుకున్న రైతుకు, పాత టోకు వర్తకుడితో ఖాతా తెంచుకున్న అంగడివాడికి, ఉద్యోగం వచ్చిందని పట్నం చేరిన యువకుడికి ఆ సంస్థ నిష్క్రమణ జీవన్మరణ సమస్య కావచ్చు. తెగిన నమ్మకం తిరిగి అతకడానికి ఏళ్లు పడుతుంది. కనుక సంస్థను ఆహ్వానించే ప్రభుత్వం, దానితో ఒప్పందం చేసుకునే రైతు, దానిలో చేరే ఉద్యోగి, అది ఎంత పెద్దదని కాక, ఈ నేల మీద ఎంతకాలం నిలవడానికి సిద్ధపడిందని అడిగి తెలుసుకోవాలి.

ఇదే ధర్మం ఎదురుదిశలోనూ వర్తిస్తుంది. గుంటూరు మిరపకాయలు చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, మలేషియా మొదలైన దేశాలకు ఎగుమతి అవుతున్నాయి. ఆ దేశాల దృష్టిలో పరదేశపు వర్తకులు ఇక్కడివారే. 2003లో భారతదేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ అనే నిషిద్ధమైన రంగు ఉన్నట్లు ఐరోపాలో బయటపడింది. ఎవరో కొందరు చేసిన కల్తీ వల్ల నిజాయితీగా పండించిన రైతు సరకును కూడా అనుమానంతో చూశారు. ఆ తరువాత సుగంధద్రవ్యాల బోర్డు ఎగుమతి సరకుకు పరీక్షలు తప్పనిసరి చేసింది. గుంటూరులో పరీక్షాశాల నెలకొల్పింది. ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో సుగంధద్రవ్యాల పార్కు ఏర్పడింది. పురుగుమందుల అవశేషాలు, బూజు విషం ఎంత మేర ఉండవచ్చో ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా నిర్ణయిస్తుంది. ఆ హద్దులను ఎరిగి మందు చల్లే రైతు, కల్లంలో తేమ తగలకుండా కాయలు ఆరబెట్టే కూలీ, వీరందరూ అంతర్జాతీయ వర్తకంలో భాగస్వాములే.

మిరప స్వయంగా ఈ దేశపు పైరు కాదు. అమెరికా ఖండాలలో పుట్టి, పోర్చుగీసు వర్తకుల ద్వారా భారతదేశం చేరింది. శ్రీనాథుని కాలంలో తెలుగువారి వంటకు ఘాటునిచ్చినవి మిరియాలే. ఆ మిరియం పేరే కొత్తగా వచ్చిన కాయకు మిరపకాయ అన్న పేరును ప్రసాదించిందని భాషావేత్తలు భావిస్తారు. నల్లరేగడిలో వేరూనడానికి, ఊరగాయ జాడీలో చోటు సంపాదించడానికి, చివరకు గుంటూరు సన్నంగా భౌగోళిక గుర్తింపు పొందడానికి ఆ కాయకు తరాలు పట్టింది. ఇక్కడి పేరును, ఇక్కడి నేలను, ఇక్కడి రుచిని స్వీకరించింది కనుకనే అది పరాయిది అన్న సంగతి జనం మరచిపోయారు. పరదేశంలో అంగడి తెరవదలచిన వర్తకుడెవరైనా ఎదుర్కోవలసిన పరీక్ష ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

అభయం : భయం లేకుండా చేయడం, రక్షణ
సుంకం : సరకుపై రాజుకు, ప్రభుత్వానికి చెల్లించే పన్ను
దేశాంతరం : మరొక దేశం
కృతిభర్త : కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు
దళసరి : మందమైన
ఎబ్బెట్టు : వికారం, అసహజం
జటిలం : చిక్కుపడినది
వెచ్చాలు : ఇంటికి కావలసిన తిండి సరకులు
అరువు : అప్పు
నిష్క్రమణ : వెళ్లిపోవడం
కల్లం : పంటను ఆరబెట్టి, నూర్చే చోటు

అభ్యాసాలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పెద్ద వర్తక సంస్థల బలం పరదేశంలో ఎందుకు సన్నగిల్లుతుందో సోదాహరణంగా వివరించండి.
2. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో కిరాణా వర్తకం పంటల కాలంతో ఏ విధంగా ముడిపడి ఉందో, అది కొత్త టోకు దుకాణాలకు ఎందుకు సమస్య అయిందో రాయండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. మోటుపల్లి అభయశాసనం ప్రాముఖ్యాన్ని తెలపండి.
2. కెనడాలో టార్గెట్ సంస్థ వైఫల్యానికి కారణాలేవి?
3. ఐకియా సంస్థ హైదరాబాదులో చేసుకున్న మార్పులను పేర్కొనండి.
4. మిరప ఎగుమతిలో రైతు, కూలీ భాగస్వాములే అని రచయిత ఎందుకు అన్నాడు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హరవిలాస కృతిభర్త ఎవరు?
2. 'గ్లోబ్' అనే ఓడ ఏ సంవత్సరంలో నిజాంపట్నం చేరింది?
3. వాల్‌మార్ట్ జర్మనీలోని దుకాణాలను ఎవరికి అమ్మింది?
4. మిరప ఏ ఖండాలలో పుట్టింది?

IV. వ్యాకరణాంశాలు
సంధులు
దేశాంతర = దేశ + అంతర : సవర్ణదీర్ఘ సంధి
వసంతోత్సవం = వసంత + ఉత్సవం : గుణసంధి
అత్యల్ప = అతి + అల్ప : యణాదేశ సంధి
సమాసాలు
లాభనష్టాలు : లాభమును, నష్టమును : ద్వంద్వ సమాసం
నల్లరేగడి : నల్లనైన రేగడి : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
ధనబలం : ధనము యొక్క బలం : షష్ఠీ తత్పురుష సమాసం